రిపోర్టునూ గోళీనీ ఒకే బల్ల మీద పెట్టండి

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,

నేను ఫార్మసిస్టును. హఫీజ్‌పేట్‌లో ఒక మందుల షాపులో పని చేస్తాను. మీకు విన్నవించుకునేది ఒక్కటే. బస్తీ దవాఖానల్లో ఫార్మసిస్టులను నియమించండి. గోళీలు లెక్కపెట్టి ఇచ్చే పనితో సరిపెట్టకండి. వేలి మీద పొడిచి తీసిన రక్తపు చుక్కతో అప్పటికప్పుడు చేసే చిన్న పరీక్షలు కూడా వాళ్లకే ఇవ్వండి. ల్యాబు నుంచి వచ్చే రిపోర్టులను రోగి వాడుతున్న మందులతో కలిపి చదివే బాధ్యత కూడా వాళ్ల మీదే పెట్టండి.

ముందుగా, జరిగిన మంచిని మంచి అనే చెప్పాలి. 2018లో పేదల వాడల్లో ఉచిత వైద్యానికి బస్తీ దవాఖానలు మొదలయ్యాయి. అదే ఏడాది నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్ర ల్యాబు వచ్చింది. తొలుత యాభైకి పైగా రకాల పరీక్షలు చేసేవారు. 2023 జులై నుంచి అవి 134 అయ్యాయి. బస్తీలో రక్తం తీస్తారు, సాయంత్రానికి శాంపిల్ ల్యాబుకు చేరుతుంది, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. థైరాయిడ్, మూడు నెలల షుగర్, కిడ్నీ, లివర్, కొలెస్ట్రాల్ కలిపి బయట చేయిస్తే రోజు కూలీ మీద బతికే ఇంట్లో నెల సరుకులకు కోత పడుతుంది. ఈ పథకాన్ని మొదలుపెట్టింది ఒక ప్రభుత్వం, నడుపుతున్నది మరో ప్రభుత్వం. జనానికి ఆ తేడాతో పని లేదు.

కొరత రిపోర్టు వచ్చాక మొదలవుతుంది.

రాత్రి ఎనిమిదిన్నర దాటాక మా కౌంటరు దగ్గర రద్దీ పెరుగుతుంది. మాదాపూర్, కొండాపూర్ టవర్లలో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లు, సెక్యూరిటీ డ్యూటీ దిగినవాళ్లు, ఎంఎంటీఎస్ దిగి ప్రేమ్‌నగర్, ఆదిత్యనగర్ వైపు నడిచేవాళ్లు ఆ వేళకే వస్తారు. అలా వచ్చిన ఒకావిడ, యాభై దాటి ఉంటుంది, ఫోన్ నా ముందు పెట్టింది. "అన్నా, గీ మెసేజ్‌ల ఏమున్నదో జర చూడు. షుగర్ తగ్గిందా?" తెరిస్తే ఇంగ్లిష్‌లో పీడీఎఫ్. షుగర్ కొంచెం తగ్గిన మాట నిజమే. ఆమె అడగని వరుసలో మాత్రం క్రియాటినిన్ 1.9 అని ఉంది. "ఏమేం గోళీలు వేసుకుంటున్నవ్ అక్కా?" అంటే సంచిలోంచి స్ట్రిప్పులు తీసి పరిచింది. మెట్‌ఫార్మిన్ వెయ్యి, పొద్దునొకటి, రాత్రొకటి. దాని పక్కన మోకాళ్ల నొప్పికి చీటీ లేకుండానే ఎక్కడో కొనుక్కున్న డైక్లోఫెనాక్, రోజుకు రెండు.

ఆ వయసు ఆడమనిషికి క్రియాటినిన్ 1.9 ఉందంటే కిడ్నీల వడపోత లెక్క 30కి కాస్త పైన ఉన్నట్టు. అది 45 కిందికి దిగితే మెట్‌ఫార్మిన్ మోతాదు సగానికి తగ్గించాలి. 30 కిందికి పోతే పూర్తిగా ఆపాలి. డైక్లోఫెనాక్‌ను ఆ స్థితిలో దగ్గరికే రానివ్వకూడదు. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. డాక్టరు మందు రాసిన నాటికి ఈ రిపోర్టు లేదు. నర్సు రక్తం సరిగానే తీసింది, ల్యాబు అంకె సరిగానే ఇచ్చింది. కానీ రిపోర్టు ఫోన్‌లో ఉండిపోయింది, షుగర్ గోళీ దవాఖాన నుంచి వచ్చింది, నొప్పి గోళీ ఇంకో షాపు నుంచి వచ్చింది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి లేడు. నొప్పి గోళీలు ఈ రాత్రి నుంచే మానెయ్యమని చెప్పి, క్రియాటినిన్ అంకె, వాడుతున్న గోళీల పేర్లు చీటీ మీద రాసి, పొద్దున్నే డాక్టరుకు చూపించమని పంపాను. ఆమె ఆ రాత్రి వేరే దారిన ఇంటికి పోయి ఉంటే ఆ మాట చెప్పేవాళ్లుండేవారు కాదు. కిడ్నీల క్షేమం అలా దారి మీద ఆధారపడకూడదు కదా సార్.

బస్తీ దవాఖానలో ఉండేది ఒక డాక్టరు, ఒక స్టాఫ్ నర్సు, ఒక సహాయకురాలు. పేర్లు రాసుకోవడం, బీపీ చూడడం, సూది వేయడం, రక్తం తీయడం, గోళీలు ఇవ్వడం, ఆన్‌లైన్‌లో ఎక్కించడం, వీటిలో సింహభాగం ఆ ఒక్క నర్సు మీదే పడుతుంది. "ఇది తిన్నాక, ఇది తినకముందు" అని చెప్పేసరికే వెనక నలుగురు నిలబడి ఉంటారు. పట్టణ ఆరోగ్య కేంద్రాలకు ఫార్మసిస్టు పోస్టు ఉంది, వాటి కింద నడిచే బస్తీ దవాఖానకు లేదు. బస్తీ దవాఖానలకు మూడేళ్ల ముందే, 2015లో ఢిల్లీలో మొదలైన మొహల్లా క్లినిక్‌ల సిబ్బంది లెక్కలో ఫార్మసిస్టు ఉండేవాడు. మనం నమూనా తెచ్చుకున్నప్పుడు ఆ కుర్చీ ఒక్కటీ దారిలో జారిపోయింది.

ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఏం చేస్తాడో చెప్తాను. థైరాయిడ్ గోళీ వేసుకుంటున్నా థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ అంకె దిగదు. డాక్టరు మోతాదు పెంచుతారు. "పొద్దున గోళీ దేంతో వేసుకుంటున్నావమ్మా?" అని అడిగితే టీతో అనో, ఐరన్ గోళీ, కాల్షియం గోళీ కూడా అప్పుడే అనో జవాబు వస్తుంది. మందు ఒంటికి పట్టకపోవడానికి అదే కారణమైతే మోతాదు పెంచాల్సిన అవసరమే లేదు, వేళ మారిస్తే చాలు. రాత్రి డ్యూటీ వాచ్‌మన్ గ్లిమిపిరైడ్ వేసుకుని, అన్నం అర్ధరాత్రి దాకా తినడు. చెమటలు పట్టి కళ్లు తిరిగితే నీరసం అనుకుంటాడు. ఆ క్షణంలో వేలి చుక్క పరీక్ష చేస్తే షుగర్ 60కి దిగి ఉందని తెలుస్తుంది. బీపీకి టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు పొటాషియం, క్రియాటినిన్ అప్పుడప్పుడు చూడాలి. గుండె వాల్వు మార్పించుకుని రక్తాన్ని పలచబరిచే మందు మీద ఉన్నవాళ్లకు ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డకట్టే వేగం, చూడకుండా గోళీ ఇవ్వడమంటే గుడ్డి లెక్కే. ఈ పరీక్షలన్నీ రోగాన్ని కొత్తగా కనిపెట్టడానికి చేసేవి కావు, మందు సరిగా పని చేస్తున్నదా, చేటు చేస్తున్నదా అని తెలుసుకోవడానికి చేసేవి. మందు గురించి నాలుగేళ్లు, ఆరేళ్లు చదివిన మనిషిని వాటి దగ్గర కూర్చోబెట్టమంటున్నాను.

అలాంటి మనుషులకు మన దగ్గర కొదవా? సోవియట్ సాయంతో ఐడీపీఎల్ మందుల కర్మాగారం వచ్చింది బాలానగర్‌లో. అక్కడ పని చేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ కంపెనీ పరిశోధన మా పక్కనున్న మియాపూర్‌లో సాగింది, మాత్రలు బాచుపల్లిలో తయారయ్యాయి. 2007లో జాతీయ ఔషధ విద్యా సంస్థ నైపర్ హైదరాబాద్ శాఖ అదే ఐడీపీఎల్ ప్రాంగణంలో మొదలైంది. హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్ మీద నిలబడి ఏ దిక్కుకు చూసినా మందు పుట్టిన చోటో, మందు చదివిన మనుషులో ఉన్నారు. దేశంలో ఫార్మ్ డి కోర్సు 2008లో వచ్చింది. ఆరేళ్ల చదువు, చివరి ఏడాది ఆసుపత్రి వార్డుల్లోనే. వార్డుల్లో కేస్‌షీట్లు చదివి, మందుల పొరపాట్లు పట్టుకోవడం నేర్చుకున్న ఆ పిల్లలు బయటికొచ్చాక ఎక్కడ తేలుతున్నారు? అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ కోచింగ్, తర్వాత హైటెక్ సిటీలో అమెరికా ఇన్సూరెన్సు బిల్లులకు కోడ్‌లు వేసే కొలువు. పరాయి దేశపు రోగి ఫైలు రాత్రంతా చదివి, పొద్దున క్యాబ్ దిగి నడిచే వీధిలోనే, తన ఫైలు చదివేవాళ్లు లేని రోగి ఉంటున్నాడు. ఆ ఉద్యోగాన్ని తక్కువ చేయడం లేదు, జీతం అక్కడ ఉంది కాబట్టి అక్కడికి పోతున్నారు.

ఈ ఐటీ కారిడార్‌లో ఆరోగ్యం గురించి మాట్లాడితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల గురించే మాట్లాడతారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరిందని 2025లో ప్రచురించారు. ఆ సంగతి పార్లమెంటు దాకా పోయింది. మంచిదే. మరి ఆ టవర్ల నేల తుడిచేవాళ్ల, గేటు కాసేవాళ్ల, భోజనం పార్శిళ్లు బండి మీద మోసేవాళ్ల కాలేయం సంగతి? వాళ్లకు కంపెనీ హెల్త్ చెకప్ ఉండదు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 31.5 కోట్ల మందికి రక్తపోటు ఉన్నట్టు ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్కగట్టింది. అందులో మా బస్తీల వాటా కూడా ఉంది.

ఫార్మసిస్టు చేతికి పరీక్ష ఇవ్వడం నేను కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో 1988 నాటి ల్యాబుల చట్టం కింద, తప్పు జరిగే అవకాశం తక్కువున్న సులువైన పరీక్షలను విడిగా గుర్తించారు. అనుమతి పత్రం తీసుకున్న మందుల షాపుల్లో వాటిని ఫార్మసిస్టులు చేస్తారు. ఇంగ్లండ్‌లో 2021 అక్టోబరు నుంచి నలభై దాటినవాళ్లకు వీధిలోని ఫార్మసీలోనే ప్రభుత్వ ఖర్చుతో బీపీ చూస్తున్నారు. అనుమానం ఉంటే ఇరవై నాలుగు గంటలు బీపీ కొలిచే పరికరం కట్టి పంపుతారు. నార్త్ కరోలినాలోని ఆష్‌విల్ అనే ఊళ్లో 1990ల చివర మరో పని చేశారు. అక్కడి నగరపాలక సంస్థ తన ఉద్యోగుల్లో షుగర్ ఉన్నవాళ్లను ఊరి ఫార్మసిస్టులకు అప్పగించింది. వాళ్లు రోగిని క్రమం తప్పకుండా కలిసి, పరికరం వాడడం నేర్పి, అంకెలు చూసి, మందుల గురించి మాట్లాడేవాళ్లు. మూడు నెలల షుగర్ దిగింది. ఆ ఫలితాలను తర్వాత పత్రికల్లో అచ్చువేశారు.

అంత దూరం ఎందుకు? కేంద్రం రూపొందించిన ఉచిత పరీక్షల జాబితా ప్రకారమే పల్లెల్లోని ఆరోగ్య ఉపకేంద్రంలో 14 రకాల పరీక్షలు జరగాలి. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ ఉండడు. హిమోగ్లోబిన్, షుగర్, మూత్రం పట్టీ, గర్భ నిర్ధారణ, మలేరియా, డెంగీ కిట్లు, అన్నీ అక్కడి ఆరోగ్య కార్యకర్త చేతి మీదే. ఇంటింటికీ తిరిగి ముప్ఫై దాటినవాళ్లకు షుగర్ చూసేది మన ఏఎన్‌ఎంలే. వాళ్లు చేయగలిగినప్పుడు ఫార్మసిస్టు చేయలేడా? 2015లో ఫార్మసీ కౌన్సిల్ తెచ్చిన నిబంధనలు రోగికి మందు గురించి విడమరచి చెప్పడాన్ని ఫార్మసిస్టు బాధ్యతగా పెట్టాయి. అంకె తెలియకుండా ఆ మాట ఎలా చెప్పాలి?

ఇక్కడ మా వృత్తివాళ్లకు రుచించని మాట ఒకటి రాయాలి. ఈ పని మా షాపుల్లో మొదలుపెట్టకండి. పరీక్ష చేసేదీ నేనే, గోళీ అమ్ముకునేదీ నేనే అయితే, 130 ఉన్న షుగర్‌ను చూసి భయపెట్టాలనే బుద్ధి ఎవరికో ఒకరికి పుడుతుంది. సర్టిఫికెట్ ఒకరిది, కౌంటరులో నిలబడేది మరొకరు అన్న రోగం మా వృత్తిలో ఎంత ముదిరిందో మీ శాఖకు తెలియనిది కాదు. ఉచిత దవాఖానలో పరీక్షకు డబ్బు లేదు, గోళీకీ డబ్బు లేదు. ఎక్కువ పరీక్షలు చేసినందుకు కమీషన్ రాదు, ఎక్కువ గోళీలు ఇచ్చినందుకు లాభం రాదు. కాబట్టే పరీక్షనూ మందునూ ఒకే చేతిలో పెట్టడానికి దానికి మించిన చోటు లేదు.

అభ్యంతరాలు ఉంటాయి. మొదటిది ల్యాబ్ టెక్నీషియన్ల నుంచి. వాళ్ల పని లాక్కోవాలని నేను అడగడం లేదు. 2024 సెప్టెంబరులో మీ ప్రభుత్వం 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకూ, 633 ఫార్మసిస్టు పోస్టులకూ నోటిఫికేషన్లు ఇచ్చింది. రెండు వర్గాలకూ పని ఉందని దాని అర్థం. క్రియాటినిన్, థైరాయిడ్, మూడు నెలల షుగర్ యంత్రాల మీద టెక్నీషియన్లే చేయాలి. నరం నుంచి రక్తం నర్సే తీయాలి. ఫార్మసిస్టుకు ఇవ్వాల్సింది వేలి చుక్క షుగర్, హిమోగ్లోబిన్, మూత్రం పట్టీ, బీపీ, అవసరమైన చోట చేతి పరికరంతో ఐఎన్‌ఆర్. అంతే. రెండోది డాక్టర్ల నుంచి: ఫార్మసిస్టు వైద్యం మొదలుపెడతాడేమోనని. రోగం పేరు పెట్టే హక్కు, మందు మార్చే హక్కు డాక్టరువే. ఫార్మసిస్టు చేసేది ఒక చీటీ రాయడం: అంకె ఇది, వాడుతున్న మందు ఇది, రెండింటికీ పొసగడం లేదు, చూడగలరు. ఆ చీటీతో డాక్టరుకు రోజుకు ఎంతో సమయం మిగులుతుంది.

మూడో అభ్యంతరం బరువైనది: చిన్న పరీక్షల్లో తప్పులు. ఇది నిజం. గ్లూకోమీటరు ఎంత సులువుగా కనిపిస్తుందో అంత సులువుగా మోసం చేస్తుంది. బత్తాయి ఒలిచిన చేతిని కడుక్కోకుండా చాపితే లేని షుగర్ వస్తుంది. స్పిరిట్ ఆరకముందే పొడిచినా, చుక్క రాలేదని వేలు గట్టిగా పిండినా అంకె మారుతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి పెడితే తేమ పడుతుంది. చాలా కంపెనీల డబ్బాల మీద 30 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మే నెలలో దవాఖాన నడిచే కమ్యూనిటీ హాలులోని రేకుల గదిలో ఆ డబ్బా పొద్దంతా ఉంటే దాని అంకెను నమ్మేదెలా? తేదీలు చూడడం, వేడికి పాడయ్యేవాటిని వేరుగా దాచడం, బ్యాచ్ నంబరు రాసుకోవడం, డబ్బా తెరిచిన తారీఖు దాని మీద వేయడం, ఇవన్నీ ఫార్మసిస్టు మందులతో రోజూ చేసేవే. స్ట్రిప్పులను అతని అలమరాలో పెట్టమనడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి వివరంగా నా విన్నపాలు ఇవి.

ఒకటి. శేరిలింగంపల్లి మండలంలో, హఫీజ్‌పేట్‌తో మొదలుపెట్టి, రెండు బస్తీ దవాఖానలకు ఒక ఫార్మసిస్టును ఆరు నెలలు ప్రయోగంగా పెట్టండి. ముఖ హాజరు ఉండాలి, సర్టిఫికెట్ల అద్దె ఇక్కడికి రాకూడదు.

రెండు. చేయదగ్గ పరీక్షల జాబితాను, ఏ అంకె దగ్గర ఏం చేయాలో ఒక్క పేజీలో రాసి గోడకు అంటించండి. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా, బీపీ 180/120 చేరినా ఫార్మసిస్టు ఆలోచిస్తూ కూర్చోకూడదు, వెంటనే డాక్టరుకు చూపాలి, డాక్టరు లేని వేళ పెద్ద దవాఖానకు పంపాలి.

మూడు. రోజూ పొద్దున మొదటి రోగికి ముందే కంట్రోల్ ద్రావణంతో పరికరాన్ని సరిచూసి పుస్తకంలో రాయాలి. నెలకోసారి కొన్ని శాంపిళ్లను ల్యాబుకు కూడా పంపి రెండు అంకెలూ పోల్చాలి. తేడా ఎక్కువ వస్తే పరికరం మూలకు పెట్టాలి.

నాలుగు. ల్యాబు నుంచి వచ్చే ప్రతి రిపోర్టునూ రోగికంటే ముందు, లేదా రోగితో పాటే, ఫార్మసిస్టు చూడాలి. మందుతో పొసగని అంకె కనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయాలి. రోగి చేతికి ఒక కార్డు ఇవ్వాలి, తెలుగు, ఉర్దూ, హిందీల్లో. పాలమూరు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ల పక్కనే ఒడిశా, బిహార్, బెంగాల్ కూలీలూ మా బస్తీల్లో ఉంటున్నారు. వాళ్లు మేస్త్రీ వెంట ఇంకో సైటుకు పోయినా కార్డు వాళ్ల జేబులో ఉంటుంది.

ఐదు. వారంలో కనీసం మూడు రోజులు ఈ ఫార్మసిస్టు బల్ల రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచండి. పగలు దవాఖానకు వస్తే ఆ రోజు కూలీ పోతుంది. ఉచిత పరీక్షకు రోజు కూలీ ధర కట్టించుకుంటే అది ఉచితం ఎలా అవుతుంది?

ఆరు నెలల తర్వాత ఎన్ని పరీక్షలు చేశారని అడగకండి, ఆ అంకె పెంచడం ఎవరికైనా చేతనవుతుంది. మూడు సంగతులు అడగండి. రిపోర్టు చూశాక ఎంతమందికి మందో, మోతాదో, వేసుకునే వేళో మారింది? మారినవాళ్లలో ఎంతమంది మళ్లీ పరీక్షకు వచ్చారు? వచ్చినవాళ్ల అంకె ఎటు కదిలింది? ఈ మూడింటికీ సరైన జవాబు రాకపోతే ఆ కుర్చీ తీసేయండి, నేను మళ్లీ ఉత్తరం రాయను. వస్తే మాత్రం దాన్ని నగరంలోని ప్రతి బస్తీకీ వేయండి.

కొత్త భవనం అక్కర్లేదు, కొత్త ల్యాబు అక్కర్లేదు. రక్తం తీసే చోటు ఉంది, పరీక్షించే యంత్రం ఉంది, ఇచ్చే మందు ఉంది, చదివిన పిల్లలు ఉన్నారు. లేనిది ఒక ఉత్తర్వు. అది మీ సంతకంతో రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
హఫీజ్‌పేట్ నుంచి ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు